టెండరు పెట్టె పోయింది, తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఈమధ్య మా నూజివీడు వైపు ఏ సర్కారు ఆఫీసు గడప తొక్కినా ఒకటే మాట వినబడుతోంది. "కొత్త సిస్టమ్ వస్తోందండీ. పాతదాంట్లో ఎక్కించడం ఆపేశారు. కొత్తది ఇంకా మొదలుకాలేదు." బడికి బల్లలు కావాలన్నా, బోరుకు మోటారు కావాలన్నా, హాస్టలుకు కందిపప్పు కావాలన్నా ఇదే జవాబు. చెప్పేవాడికి తొందర లేదు, వినేవాడికి కోపం లేదు. నాకు మాత్రం కోపం వస్తుంది. ఉద్యోగమంతా టెండర్ల సెక్షన్‌లో ఫైళ్ళ మధ్య గడిపినవాణ్ణి. ప్రజల డబ్బుతో ఒక వస్తువు కొనాలంటే ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలో నేర్పిన పెద్దల కింద పనిచేశాను. ఆ జాగ్రత్త ఇవాళ సరుకు కొనడంలో తగ్గింది. ఆ సరుకును కొనిపెట్టే కంప్యూటరు వ్యవస్థను ఎంచుకోవడంలో అయితే బొత్తిగా కనబడడం లేదు. నా గొడవంతా దాని గురించే.

మా రోజుల్లో టెండరు ఎలా నడిచేదో ముందు చెప్పాలి. ఎస్టిమేటు మంజూరైందంటే నోటీసు తయారుచేసేవాళ్ళం. దాన్ని తాలూకా ఆఫీసు గోడ మీద, సమితి ఆఫీసు గోడ మీద, మార్కెట్ కమిటీ బోర్డు మీద అంటించాలి. పెద్ద పనైతే పేపరుకు పంపాలి. షెడ్యూలు కొనుక్కున్న వాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. వాళ్ళు రేట్లు నింపి, ధరావతు డీడీ జతచేసి, కవరుకు లక్క ముద్ర వేసి తెచ్చి పెట్టెలో వేసేవారు. పెట్టెకు రెండు తాళాలు. ఒక తాళంచెవి ఇంజనీరుగారి దగ్గర, రెండోది అకౌంట్స్ ఆయన దగ్గర. ఇద్దరూ వస్తేనే పెట్టె తెరుచుకునేది.

తెరిచేటప్పుడు టెండరు వేసినవాళ్ళంతా ఎదురుగా కూర్చునేవారు. ప్రతి కవరు మీదా వరస నంబరు వేసి, లోపలి ప్రతి కాగితం మీదా అధికారి పొట్టి సంతకం పెట్టేవారు. దిద్దుబాట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఎర్ర సిరాతో రాసేవారు. తర్వాత రేటు అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి అందరూ వినేలా చదవాలి. విన్నవాళ్ళు రిజిస్టరులో సంతకం చేయాలి. ఆ రాత్రి కూర్చుని నేను చేత్తో కంపారిటివ్ స్టేట్‌మెంటు గీస్తే, మర్నాడు ఇంకో గుమాస్తా దాన్ని మళ్ళీ కూడి సరిచూసేవాడు. ఒకరు చేసిన పని ఇంకొకరి కంటి కిందుగా వెళ్ళకుండా ఫైలు పైకి కదిలేది కాదు.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. కొనేవాడికి సరుకు తెలిసేది. బడి బల్లలకు ఏ చెక్క వాడాలి, ఆగిరిపల్లి వడ్రంగి చేత చేయిస్తే ఎన్నాళ్ళు మన్నుతుంది, హనుమాన్ జంక్షన్ ఇనప కొట్లలో ఏ గేజి రేకు దొరుకుతుంది అన్నవి మా సూపరింటెండెంటుగారికి నోటికి వచ్చు. నోటీసులో షరతులు రాసేటప్పుడు ఆయన ప్రతి మాటా పట్టిపట్టి చూసేవారు. అక్కర్లేని ఒక్క షరతు పెడితే అర్హుడైన చిన్న వ్యాపారి బయటే ఆగిపోతాడని, ఆ పాపం కాగితం రాసినవాడిదేనని అనేవారు. ఆ మాట నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ మరవలేదు.

అలాగని ఆ రోజుల్లో అంతా సవ్యంగా ఉండేదని అబద్ధమాడను. రింగు అనే జబ్బు ఆ పెట్టెతో పాటే పెరిగింది. ఎవరెవరు షెడ్యూళ్ళు కొన్నారో రిజిస్టరు చూస్తే తెలిసిపోయేది కాబట్టి, ఆ నలుగురూ ముందురోజే ఎక్కడో కలిసి పని ఎవరికి పోవాలో తేల్చుకునేవారు. తప్పుకున్నవాళ్ళకు 'గుడ్‌విల్' పేరుతో డబ్బు ముట్టేది. ఒప్పుకోని వాడొస్తే మెట్ల దగ్గరే అడ్డుకునేవారు, చేతిలో కవరు లాక్కునేవారు. షెడ్యూలు అడిగితే ఫారాలు అయిపోయాయని చెప్పిన సెక్షన్లు కూడా లేకపోలేదు. టెండరు పిలిచిన దగ్గర్నుంచి పని ఒప్పజెప్పేదాకా 90 నుంచి 135 రోజులు పట్టేదని తర్వాత ప్రభుత్వమే లెక్క తీసింది. నిజాయితీగా పనిచేసే కాంట్రాక్టరు ఆ పెట్టె దగ్గరికి రావడానికే భయపడిన రోజులవి.

అందుకే 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ-ప్రొక్యూర్‌మెంట్ తెచ్చినప్పుడు నేను సంతోషించాను. దేశంలో రాష్ట్రప్రభుత్వ టెండర్లను ఇలా ఇంటర్నెట్ మీదికి తెచ్చింది మొదట మన రాష్ట్రమే. నీటిపారుదల శాఖ, ఆర్టీసీ లాంటి కొద్ది సంస్థలతో మొదలుపెట్టి, అక్కడ కుదిరాక మిగతా శాఖలకు పాకించారు. కాంట్రాక్టరు తన ఊళ్ళో కూర్చుని షెడ్యూలు దించుకోవచ్చు, అక్కడినుంచే రేటు వేయవచ్చు. ఎవరు వేశారో తెరిచేదాకా ఎవరికీ తెలియదు. మెట్ల దగ్గర నిలబడే మనుషులకు పని లేకుండా పోయింది. ఆ పాత 90, 135 రోజుల లెక్క సగటున 35 రోజులకు దిగింది. ఇది చిన్న విషయం కాదు. ఆ మేలును కాదనేవాడు పాత రోజులు చూడనివాడై ఉండాలి.

అయితే ఆ వ్యవస్థను ఎంచుకున్న తీరు ఇప్పటివాళ్ళు చదువుకోవలసిన పాఠం. అప్పుడు సర్కారు ముందుగా సాఫ్ట్‌వేరు కొనేసి తర్వాత దాన్ని ఏంచేయాలా అని ఆలోచించలేదు. శాఖల్లో టెండర్లు ఎలా నడుస్తున్నాయో, ఎక్కడ ఆలస్యమవుతోందో ముందు అధ్యయనం చేయించింది. సీ1 ఇండియా అనే సంస్థను భాగస్వామిగా తీసుకుంది. పెట్టుబడి భాగస్వామి పెట్టుకోవాలి, లావాదేవీ జరిగినకొద్దీ వచ్చే రుసుములోంచి రాబట్టుకోవాలి. అంటే జనం వాడితేనే ఆ సంస్థకు ఆదాయం. 1985లో పుట్టిన ఆంధ్రప్రదేశ్ టెక్నాలజీ సర్వీసెస్ అనే ప్రభుత్వ సంస్థ మధ్యలో ఉండి వ్యవహారం చూసింది. 2003 జులై 1న నీటిపారుదల శాఖ 94వ నంబరు జీవో వచ్చింది. కాంట్రాక్టరు అర్హత ఏమిటి, ధరావతు ఎంత, ఎస్టిమేటు మీద ఎంత ఎక్సెస్ దాకా ఒప్పుకోవచ్చు, మరీ లెస్‌కు వేస్తే అదనపు హామీ ఎలా తీసుకోవాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. 5 శాతం మించి ఎక్సెస్ ఒప్పుకోకూడదన్నది మా సెక్షన్‌లో పిల్ల గుమాస్తాకు కూడా తెలిసేది. ఏ నియమం ప్రకారం నడవాలో తేలాక కంప్యూటరుకు ఆ పని నేర్పడం తేలిక. నియమమే తేలకపోతే ఎంత ఖరీదైన కంప్యూటరైనా గందరగోళాన్ని వేగంగా చేసిపెడుతుంది, అంతే.

ఇక ఇప్పటి సంగతికి వస్తాను. ఒక సంస్థకు కొత్త కొనుగోలు వ్యవస్థ కావాలంటే ఇవాళ ఏం జరుగుతోంది? విజయవాడలో ఏదో హోటల్లో ఏసీ హాలు తీసుకుంటారు. కంపెనీ వాళ్ళు పెద్ద తెర మీద రంగురంగుల బొమ్మలు చూపిస్తారు. ఒక్క నొక్కుతో ఇండెంటు, ఒక్క నొక్కుతో ఆర్డరు, ఒక్క నొక్కుతో రిపోర్టు. పెద్ద అధికారులు చూసి తలూపుతారు. రోజూ ఇండెంట్లు రాసే స్టోర్‌కీపరును ఆ హాలుకు పిలవరు. బిల్లు పాస్ చేసే అకౌంటెంటును పిలవరు. సరుకు అమ్మే వ్యాపారిని అసలే పిలవరు. టెండరు డాక్యుమెంటు ఇంకో రాష్ట్రంలో వేరే శాఖ వాడినదాన్ని తెచ్చి పేర్లు మార్చి దింపేస్తారు. కొన్నింట్లో ఆ పాత శాఖ పేరు కూడా మధ్యలో అలాగే మిగిలిపోయి ఉంటుంది. ఎవరూ చదవలేదని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మా ప్రాంతంలో మామిడి తోట ఫలసాయం గుత్తకు తీసుకునే వాళ్ళను చూడండి. అనుభవమున్న వ్యాపారి సంక్రాంతి దాటాక తోట నిండా పూత చూసి రేటు చెప్పడు. చెట్టుకు ఎంత పూత వచ్చినా అందులో నిలిచేది చాలా కొద్ది అని అతనికి తెలుసు. తేనెమంచు పురుగు ఉందా, బూడిద తెగులు తగిలిందా, పిందె పట్టిందా, కిందటేడు ఇదే చెట్టు ఎంత కాసింది అని అడుగుతాడు. చెట్టు చెట్టుకూ తిరిగి చూస్తాడు. పక్క తోట రైతును విచారిస్తాడు. తన సొంత డబ్బు కాబట్టి అంత జాగ్రత్త. హోటల్ హాల్లో చూపించే ఆ బొమ్మలు పూత లాంటివి. ఆ వ్యవస్థను ఇప్పటికే వాడుతున్న ఇంకో జిల్లా ఆఫీసుకు వెళ్ళి, అక్కడి గుమాస్తా పక్కన ఒక పూట కూర్చుని, మార్చి నెలాఖరు రద్దీలో అది ఎలా నడిచిందో అడిగితే పిందె సంగతి తెలుస్తుంది. ప్రజల డబ్బుతో కొనేవాడు ఆ వ్యాపారి పడే శ్రమలో సగమైనా పడాలి కదా!

ఎంచుకునేటప్పుడు అడగని ప్రశ్నల ఫలితం వాడేటప్పుడు బయటపడుతుంది. మొదటిది తాళంచెవి సంగతి. ఇప్పుడు టెండరు తెరవాలంటే డిజిటల్ సంతకం కావాలి. 2000 నాటి ఐటీ చట్టం ఆ సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ ఇచ్చింది. అంత విలువైన ఆ సంతకం ఉండే చిన్న డాంగిల్ ఎక్కడుంటుంది? చాలా ఆఫీసుల్లో డేటా ఎంట్రీ కుర్రాడి సొరుగులో ఉంటుంది. పాస్‌వర్డు కాగితం ముక్క మీద రాసి మానిటరుకు అంటించి ఉంటుంది. ఇద్దరు అధికారులు తలో తాళంచెవి పట్టుకొచ్చి తెరిచిన పెట్టె స్థానంలో, కాంట్రాక్టు జీతం మీద ఉన్న ఒక్క కుర్రాడు రెండు డాంగిళ్ళూ తనే గుచ్చి తెరుస్తున్నాడు. రేపు ఏదైనా జరిగితే ఇరుక్కునేది కూడా ఆ కుర్రాడే. ఇందులో తప్పు ఆ పిల్లవాడిది కాదు. తన చేత్తో తాను తెరవడం నేర్చుకోని అధికారిది, అంత తేలికగా చేతులు మారే పద్ధతిని ఎంచుకున్నవాళ్ళది.

కంప్యూటరులో ఉంది కాబట్టి ఎవరూ ముట్టుకోలేరనుకోవడం ఒట్టి భ్రమ. మధ్యప్రదేశ్‌లో 2018లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. అక్కడి జల నిగమ్ తాగునీటి పథకాల టెండర్లలో, ఆన్‌లైన్‌లో వేసిన రేట్లనే లోపలినుంచి మార్చారని బయటపడింది. 2019 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర ఆర్థిక నేరాల విభాగం కేసు పెట్టింది. పెట్టెలో కవరు మారిస్తే లక్క ముద్ర పగిలి కంటికి కనబడేది. సర్వరులో అంకె మారిస్తే, ఎవరు ఎప్పుడు ముట్టుకున్నారో రాసిపెట్టే చిట్టా పక్కాగా ఉంటే తప్ప కనబడదు. ఆ చిట్టాను కంపెనీ చేతికి అందకుండా ఎవరు దాచాలి, ఏడాదికి ఎన్నిసార్లు ఎవరు తనిఖీ చేయాలి అన్నది వ్యవస్థను ఎంచుకునే రోజునే తేల్చుకోవాలి. తర్వాత అనుకుంటే కాదు.

రెండోది రికార్డు సంగతి. మా రోజుల్లో టెండరు ఫైలు రికార్డు రూములో కట్టకట్టి ఉండేది. చెద పట్టకుండా చూసుకోవడం మా బాధ్యత. ఆడిట్ వాళ్ళు పదేళ్ళనాటి ఫైలు అడిగినా దుమ్ము దులిపి ముందు పెట్టేవాళ్ళం. ఇవాళ కంపెనీతో ఒప్పందం ముగిసిన మర్నాడు ఆ పాత టెండర్లు చూడాలంటే ఎవర్ని అడగాలి? ఇంకో కంపెనీ వస్తే పాత లెక్కలు కొత్తదాంట్లోకి ఏ రూపంలో వస్తాయి? ఇది ఊరికే వేస్తున్న ప్రశ్న కాదు. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. ఒకే చోట నడుస్తున్న టెండర్ల వ్యవస్థ తర్వాత రెండు రాష్ట్రాలకు రెండైంది. 2022 ఏప్రిల్ 4న మా నూజివీడు కృష్ణా జిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి మారింది. ఆఫీసు ఇక్కడే ఉన్నా పై అధికారి, ట్రెజరీ, జిల్లా కోడ్ అన్నీ మారాయి. మన దగ్గర రాష్ట్రాలు విడిపోతాయి, జిల్లాలు మారతాయి, కార్పొరేషన్లు కలిసిపోతాయి. ఇవన్నీ జరిగినా రికార్డు ప్రభుత్వం చేతిలోనే, ఎప్పుడైనా చదువుకోగలిగే రూపంలో ఉండాలి. ఒప్పందంలో ఈ ముక్క రాయించుకోనివాడు ఇంకేం రాయించుకున్నా లాభం లేదు.

మూడోది అమ్మేవాడి సంగతి. 2016 ఆగస్టు 9న కేంద్రప్రభుత్వం జెమ్ అనే ఈ-మార్కెట్‌ను తెచ్చింది. అంతకుముందు బ్రిటిష్ కాలంనుంచీ వేళ్ళూనుకున్న పద్ధతిలో కేంద్రానికి రేటు కాంట్రాక్టులు కుదిర్చిన డీజీఎస్ అండ్ డీ అనే సంస్థను 2017 అక్టోబరు 31తో మూసేశారు. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల్లో 149వ నియమం కేంద్ర సంస్థలు అక్కడ దొరికే సరుకు అక్కడే కొనాలని చెప్పింది. కుర్చీ, కంప్యూటరు, కాగితం రీము లాంటివి కొనడానికి ఇది మంచి ఏర్పాటే. ఎక్కడ ఎంత ధరో అందరికీ కనబడుతుంది. కానీ కొనేదంతా కుర్చీలూ కంప్యూటర్లూ కాదు.

మామిడి అంటునే తీసుకోండి. ఉపాధి హామీ పథకం కింద పేద రైతుల పొలాల్లో పండ్ల తోటలు వేయిస్తున్నారు. దానికి వేల అంట్లు కొనాలి. అంటు బంగినపల్లిదా, చిన్న రసానిదా, కలెక్టరుదా అన్నది ఫొటోలో తెలియదు. వేరు చక్కగా ఉందా, కొమ్మ ఏ తల్లిచెట్టుది అన్నది కూడా తెలియదు. తక్కువ రేటుకు వేసినవాడికి ఆర్డరు ఇచ్చేస్తే, అసలు సంగతి రైతుకు నాలుగైదేళ్ళ తర్వాత కాపు వచ్చినప్పుడు తెలుస్తుంది. అప్పటికి అధికారి బదిలీ అయిపోతాడు, సప్లయరు బిల్లు తీసుకుని వెళ్ళిపోతాడు, తోట మాత్రం రైతు నెత్తిన మిగులుతుంది. మరి మనం ఎంచుకునే వ్యవస్థలో నర్సరీ తల్లిచెట్ల వివరం అడగడానికి చోటుందా? మా ఊళ్ళోనే ఉద్యాన పరిశోధన స్థానం ఉంది కదా, అక్కడి శాస్త్రవేత్త చూసి రాసిన తనిఖీ నివేదిక జతచేయడానికి వీలుందా? ఇదే నర్సరీ కిందటిసారి ఇచ్చిన మొక్కల్లో ఎన్ని బతికాయో లెక్క కనబడుతుందా? 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ కూడా, కొన్ని రకాల కొనుగోళ్ళలో నాణ్యతకు గరిష్ఠంగా 30 శాతం మార్కులు ఇవ్వవచ్చని ఉత్తర్వులిచ్చింది. నియమం ఆ మాత్రం వెసులుబాటు ఇచ్చాక, తక్కువ రేటు ఒక్కటే చూడగలిగే సాఫ్ట్‌వేరును ఎంచుకుంటే ఆ వెసులుబాటు కాగితం మీదే ఉండిపోతుంది.

చిన్నవాళ్ళ కష్టం ఇంకొకటి. మా వైపు వెదురు బుట్టలు అల్లేవాళ్ళున్నారు, బల్లలు చేసే వడ్రంగులున్నారు, హాస్టళ్ళకు కూరగాయలు వేసేవాళ్ళున్నారు. 2008లో ఇక్కడ ట్రిపుల్ ఐటీ వచ్చాక వేల మంది పిల్లలకు రోజూ భోజనం కావాలి. చుట్టుపక్కల పల్లెల్లో సరుకు ఉంది, మనుషులున్నారు. వాళ్ళు టెండరు వేయాలంటే డిజిటల్ సంతకం కొనాలి, దాని గడువు తీరితే మళ్ళీ కొనాలి, జీఎస్టీ ఉండాలి, గత మూడేళ్ళ టర్నోవరు చూపించాలి, ఇంగ్లీషు పేజీలు పదిహేను నింపాలి. 2021 జనవరి నుంచి పాత క్లాస్ 2 సంతకాల జారీ ఆగి క్లాస్ 3 తీసుకోవలసి వచ్చినప్పుడు, ఎందుకో కూడా తెలియకుండా డబ్బు కట్టిన వ్యాపారులు ఎందరో. చివరికి వాళ్ళంతా నెట్ సెంటరు వాడికి డాంగిలూ పాస్‌వర్డూ ఇచ్చి వచ్చేస్తున్నారు. నలుగురు పోటీదారుల రేట్లూ ఒకే నెట్ సెంటరులో, ఒకే కుర్రాడి చేతి మీదుగా వెళితే పాత రింగుకూ దీనికీ తేడా ఏముంది? తెలుగులో చదువుకుని, ఫోనులో నింపగలిగే పద్ధతి కావాలని టెండరు డాక్యుమెంటులో ఒక్క షరతు రాస్తే కంపెనీలు చేసిపెట్టవా? చేస్తాయి. అడిగేవాడు లేడు.

ఆఖరు రోజు సర్వరు పడిపోవడం గురించి వేరే చెప్పక్కర్లేదు. గడువు సాయంత్రం అయిదు గంటలకు ఉంటే మధ్యాహ్నం నుంచే చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. ఫోను చేస్తే హెల్ప్‌డెస్కు ఎత్తదు. కొన్ని ఆఫీసులు గడువు పొడిగిస్తాయి, కొన్ని పొడిగించవు. ఎప్పుడు పొడిగించాలో ముందే రాసి ఉండాలి. అధికారి ఇష్టానికి వదిలేస్తే అనుమానానికి మనమే తలుపు తెరిచినట్టు. మా రోజుల్లో పెట్టె అయిదింటికి మూసేస్తే అందరికీ అయిదింటికే మూతబడేది.

బయటి దేశాల సంగతి కూడా కొంచెం చూడాలి. దక్షిణ కొరియా 2002లోనే దేశమంతటికీ ఒకే కొనుగోలు వ్యవస్థ పెట్టుకుంది. దాన్ని నడిపే బాధ్యత అక్కడి ప్రభుత్వ కొనుగోలు శాఖదే. ఉక్రెయిన్‌లో 2014 ప్రజా ఉద్యమం తర్వాత కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు పూనుకుని ప్రొజొర్రో అనే వ్యవస్థను తయారుచేశారు. 2016 ఆగస్టు 1 నుంచి ప్రభుత్వ సంస్థలన్నీ దాంట్లోనే కొనాలన్నారు. దాని సాఫ్ట్‌వేరు ఎవరైనా చూడవచ్చు. వేలం ముగిశాక ఎవరెంత వేశారో, ఎవరిని ఎందుకు తీసేశారో ఏ పౌరుడైనా చదవవచ్చు. కేంద్ర సమాచార భాండాగారం ప్రభుత్వం చేతిలో ఉంటుంది, దానికి తగులుకుని పనిచేసే ప్రైవేటు సంస్థలు ఎన్నైనా ఉండవచ్చు. ఒక సంస్థ వెళ్ళిపోతే ఇంకొకటి వస్తుంది, రికార్డు కదలదు. మన దగ్గర కూడా కేంద్రప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ తయారుచేసిన వ్యవస్థను తమిళనాడు, ఒడిశా, కేరళ వంటి రాష్ట్రాలు వాడుకుంటున్నాయి. ఏ దారి ఎంచుకున్నా ఫరవాలేదు, ఎందుకు ఎంచుకున్నామో కారణాలు రాసి జనం ముందు పెట్టాలి. మా రోజుల్లో ఒక బీరువా కొన్నా, ఫలానా కొట్టు ఎందుకు, ఫలానా రేటు ఎందుకు అని నోట్ ఫైలులో రాసేవాళ్ళం. కోట్ల వ్యవస్థ కొంటే ఆ నోట్ ఎక్కడుంది?

ఇంకో మాట కూడా చెప్పాలి. కంప్యూటరులో మనం ముందున్నాం, చట్టంలో వెనకబడ్డాం. టెండర్లలో పారదర్శకత కోసం తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో చట్టాలు చేసుకున్నాయి. కేంద్రంలో 2012లో పార్లమెంటు ముందుకొచ్చిన ప్రభుత్వ కొనుగోళ్ళ బిల్లు చట్టం కాకుండానే కాలం చెల్లింది. మనకు ప్రధానంగా జీవోలే దిక్కు. ఒక ప్రభుత్వం వచ్చి, వచ్చిన తక్కువ రేటు మీద మళ్ళీ పోటీ పెట్టే రివర్స్ టెండరింగ్ అంటుంది, 2019లో టెండర్ల ముందస్తు న్యాయ సమీక్ష చట్టం తెస్తుంది. ఇంకో ప్రభుత్వం వచ్చి 2024లో ఆ రెండింటినీ తీసేస్తుంది. ఏది మంచో ఏది చెడో తేల్చడం నా పని కాదు. కానీ ప్రతి అయిదేళ్ళకూ నియమం మారితే ప్రతి అయిదేళ్ళకూ సాఫ్ట్‌వేరూ మారాలి. దానికి మళ్ళీ డబ్బు, మళ్ళీ శిక్షణ, మళ్ళీ ఆలస్యం. ప్రభుత్వాలు మారినా కదలని కొనుగోలు చట్టం ఒకటి ఉంటే, దానికి తగిన వ్యవస్థ పాతికేళ్ళు నిలుస్తుంది.

ఇప్పుడు సంతకాలు పెట్టే స్థానంలో ఉన్న పిల్లలకు నేను చెప్పేది ఇది. మీ చదువులు మా చదువులకంటే పెద్దవి, మీ చేతిలో ఉన్న పరికరాలు మేం కలలో కూడా చూడనివి. వాటిని వదులుకోమని నేననడం లేదు. కానీ కొత్త వ్యవస్థకు టెండరు పిలిచే ముందు మీ ఆఫీసులో కొనుగోలు ఇప్పుడు ఎలా నడుస్తోందో ఇండెంటు నుంచి బిల్లు దాకా ఒక కాగితం మీద రాయండి. అందులో అక్కర్లేని మెట్లు ముందు తీసేయండి. స్టోర్‌కీపరును, అకౌంటెంటును, ఇద్దరు చిన్న వ్యాపారులను పక్కన కూర్చోబెట్టి వాళ్ళకేం కావాలో అడగండి. కంపెనీ చూపించే బొమ్మలు చూసి మురిసిపోకుండా, మీ సొంత పాత టెండరు ఒకటి ఇచ్చి దాంట్లో నడిపించి చూపించమనండి. ఇప్పటికే వాడుతున్న ఆఫీసుకు స్వయంగా వెళ్ళి రండి. ఒప్పందం ముగిశాక రికార్డు మీ చేతికి ఏ రూపంలో వస్తుందో రాయించుకోండి. మొదటి ఏడాది ఖర్చు ఒక్కటే కాకుండా అయిదేళ్ళ ఖర్చు లెక్కవేయండి. ముందు ఒక చిన్న సెక్షన్‌లో నడిపి, కుదిరాకే మిగతాచోట్లకు తీసుకెళ్ళండి. పాతదాన్ని ఆపే తేదీ కొత్తది నిలబడ్డాకే వేయండి, ఈలోగా బడి పిల్లలు బల్లలు లేక నేలమీద కూర్చోకూడదు.

అన్నింటికంటే ముఖ్యంగా మీ డాంగిల్ మీ జేబులో పెట్టుకోండి. దాంతో తెరిచేది ప్రజల సొమ్ము. మీ పేరున పడే సంతకం మీ చేత్తోనే పడాలి.